తొలి గొర్రెపిల్ల

"ఏం తల్లే ఇది! కన్నబిడ్డ పాలకొస్తే కుమ్మేస్తుందా? అమ్మేస్తున్నా, బండి వస్తోంది," అన్నాడు భర్త, తల్లిగొర్రె మెడకు తాడు బిగిస్తూ.

సరదాగా మొదలుపెట్టిన నాలుగు గొర్రెల మందలో నిన్న పుట్టిన తొలి పిల్ల, భార్య ఒళ్ళో వణుకుతోంది.

"డాక్టర్‌ని అడిగారా?" అంది ఆమె.

"అడిగాను. పుట్టగానే స్నానం గానీ చేయించారా అన్నాడు. ఒంటి వాసన పోతే తల్లి పిల్లని పోల్చుకోదట. ఆ మాత్రం తెలియని వాళ్ళమా అని గట్టిగా దులిపేశాను."

ఆమె ఒళ్ళోని పిల్లవైపు చూసింది. మనవరాలు ఎత్తుకుని ముద్దు చేస్తుందని, తడితడిగా ఉన్న పిల్లను పాత తువ్వాలుతో తుడిచి, సబ్బుతో రుద్ది కడిగింది తనే. పిల్ల ఇంకా మల్లెపూల వాసన వేస్తోంది.

గేటు దగ్గర హారన్ మోగింది. ఆమె పిల్లను కొంగుతో కప్పేసింది.

"లాగితే కదలదేం! పొద్దుట్నుంచీ ఆ మాసిన గుడ్డని వదలదు. దీనికి పిచ్చి కూడా ఉన్నట్టుంది," విసుక్కున్నాడు భర్త.

ఆమె తలెత్తింది. నిన్న తను కంచెకు తగిలించిన తువ్వాలు అది. తల్లిగొర్రె దాన్ని నాకి నాకి, మెల్లగా పిలిచి, పొదుగు దానివైపు తిప్పి నిలబడింది.