పారేసిన కవర్లు

“ఉత్తరాలు తెచ్చావా?” అంది చిట్టత్త, బల్లమీద పరిచిన వంశవృక్షం వైపు చూడకుండానే.

మేనల్లుడు కట్ట అందించాడు. “ఇదిగో అత్తా. తాతయ్య నీకు రాసినవన్నీ వరసగా సర్దాను. ఇవే లేకపోతే ముత్తాతల పేర్లు ఒక్కటీ దొరికేవి కాదు. వంశవృక్షం రేపే ప్రింటుకిస్తున్నా.”

అత్త కట్ట విప్పి ఒక్కొక్కటే తిరగేసింది. “కవర్లేవిరా?”

“చిరిగిపోయాయిగా. వాటిలో ఏముందిలే అని పారేశాను.”

“నా పేరుండేది” అంది నెమ్మదిగా. “లోపలెప్పుడూ ‘అమ్మాయికి’ అనే రాసేవాడు నాన్న. పెళ్లయ్యాక నన్ను పేరుపెట్టి పిలిచింది పోస్ట్‌మాన్ ఒక్కడే.”

అతను వంశవృక్షం వైపు చూశాడు. తాతయ్య కింద నాన్న, బాబాయి. అంతే. ఏడు తరాలు తవ్వి తీసినవాడు, ఆ ఉత్తరాలు దాచిన మనిషినే మరిచాడు.

“ప్రింటుకింకా ఇవ్వలేదుగా అత్తా, ఇప్పుడే రాసేస్తా” అంటూ బాబాయి పక్కన గబగబా ఒక గీత గీసి, కింద పెన్ను ఆనించాడు.

పెన్ను కదల్లేదు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆవిడ అతనికి చిట్టత్తే.

తల వంచుకుని, గీసిన గీతనే మళ్లీ దిద్దాడు.

అత్త ఉత్తరాలు మళ్లీ కట్ట కట్టుకుంటూ, “అడుగు. చెప్తాలే” అంది.