నూనె చప్పుడు

"కళ్లు మూసుకో," అన్నాడు ఖాలిక్.

నవత మూసుకుంది. పిండిలో ముంచిన రొయ్య కాగే నూనెలోకి జారింది. మొదట చప్పుడు బరువుగా వచ్చింది. రొయ్యలో నీరు తగ్గేకొద్దీ అది సన్నబడాలి. సరిగ్గా ఆ క్షణాన చెప్పాలి.

"తియ్యండంకుల్!"

ఖాలిక్ తీసి కొరికాడు. "తొందరపడ్డవ్. ఇంకోటి."

ఖాలిక్ జపాన్‌లో ఇరవై ఏళ్లు వండి వచ్చిన హైదరాబాదీ. సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లోని ఆయన టెంపురా హోటల్లో చేరినప్పటి నుంచీ నవతకు ఇదే నరకం. ఆమెకు ముందు పనిలో చేరిన షోయబ్‌నూ, పృథ్వీనీ ఇలాగే సతాయించి పంపేశాడు. ఆమె వర్క్ పాస్ ఈ నెలాఖరుకు అయిపోతుంది. ఆయన రెన్యూ చేయించకపోతే తిరిగి నరసన్నపేటే.

అంతకంటే భయం ఆయన చూపు. ఆమె నోరు విప్పితే చాలు, రెప్ప వాల్చకుండా పెదాలకేసే చూస్తాడు. మొన్న జలుబు చేసి మాస్కు పెట్టుకొస్తే లాగి పారేసినంత పని చేశాడు. కస్టమర్లు వెనక నుంచి ఎంత పిలిచినా తిరిగి చూడడు. అంత పొగరేమిటో!

"టెంపురా అంటే ఏంది? చెప్పు."

రోజూ అడిగేదే. "పోర్చుగీసు పాదర్లు మాంసం మానేసే ఉపవాసాల్ని లాటిన్లో టెంపొరా అనేవోరంట అంకుల్. అంటే కాలాలు. ఆ రోజుల్లో చేపలు పిండిలో ముంచి వేపుకునేవోరు. నాగసాకిలో జపానోళ్లు చూసి నేర్చుకున్నారు."

"పేర్లోనే కాలం ఉంది. ఒక్క సెకను అటిటైతే అది టెంపురా గాదు, బజ్జీ."

మరో రొయ్య జారింది. నవత ఊపిరి బిగబట్టింది. చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది.

"తియ్యండి!"

ఖాలిక్ కొరికి చాలాసేపు నమిలాడు. వెనక్కి తిరిగి, బల్ల మీద కాగితాలు వెతకసాగాడు.

"ఆంటీ, నన్ను పంపేస్తన్నారా?" అంది, గల్లా దగ్గరున్న ఆయన భార్య సలీమాతో.

"లేదు బేటా. నీ పాస్ కాగితం మీద సంతకం పెడుతుండు. రేపట్నుంచి వేయించేది నువ్వే."

నవతకు ఏడుపు తన్నుకొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. "ఇన్నాళ్లు ఎందుకిలా పీడించేరు ఆంటీ? ఇంత తెలిసినోరు ఆయనే వేయించుకోవచ్చు గదా!"

ఖాలిక్ రెండడుగుల దూరంలోనే ఉన్నా సలీమా గొంతు తగ్గించలేదు.

"ఆయన చెవులు పోయి ఏడాదైంది."