ప్రెసిడెంటు గారి ఓటు

ఆల్మీరాకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తన భర్త ఆ కాలేజీ ప్రెసిడెంటు కుర్చీలోనే ప్రాణం వదిలేస్తాడేమోనని. ఇదివరకటి ముగ్గురు ప్రెసిడెంట్లూ అలాగే పోయారు. ముగ్గురి పటాలూ కింద హాల్లో వరుసగా ఉన్నాయి. నాలుగో పటానికి మేకు కూడా కొట్టి ఉంది.

ఆ ఉదయం కొండంతా పొగమంచు. మేపుల్ చెట్లు వేళ్ళు లేనట్టు, ఎర్రెర్రగా గాలిలో తేలుతున్నాయి. కింద హాల్లో కాలేజీని నడిపే ట్రస్టీలు పదిమంది కూర్చున్నారు. పై గదిలో ఆమె భర్త డాక్టర్ బెల్నాప్ జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ మంచం మీద ఉన్నాడు.

ఫుట్‌బాల్ ఆటలో ఒక కుర్రాడి మెడ విరిగిందని ఆయన కాలేజీలో ఆ ఆటే లేకుండా చేశాడు. అప్పట్నుంచి రోజూ ఉదయం ప్రార్థనలో ఆయన నోరు తెరవగానే విద్యార్థులంతా బూట్లు నేలకేసి రాస్తున్నారు. ఒక్క మాట వినిపించనివ్వరు. ఇవాళ ఆయన్ని ఉంచాలా, పంపాలా అని ట్రస్టీల ఓటు. పెట్టెలో తెల్ల గోళీ వేస్తే ఉంచమని, నల్లది వేస్తే పంపమని.

"ఏమండీ, కాస్త ఈ జావ తాగండి."

"తర్వాత తాగుతాలే. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. పదకొండోది నా ఓటే, ఆల్మీ." ఆయన దిండు కింద నుంచి రెండు గోళీలు తీశాడు. పక్కన పాకుతున్న పాప చెయ్యి చాపితే అందకుండా పైకెత్తాడు. "జబ్బుపడ్డ ట్రస్టీ ఓటు ఇంట్లోవాళ్ళు గుప్పిట మూసి తీసుకెళ్ళొచ్చు. ఇక్కడ ఎనభై ఏళ్ళుగా ఉన్న ఆచారమే. తెల్లది పెట్టెలో వెయ్యి. మిగిలిన నల్లది సంచిలో వెయ్యి. దారిలో గుప్పిళ్ళు తెరవకు."

"గెలిస్తే?"

"రేపు ప్రార్థనకి నేనే వెళతాను."

"నిలబడలేరండీ మీరు!"

"బల్ల పట్టుకుని నిలబడతాను." ఆయన చూపు కిటికీ దాటి ఎటో వెళ్ళిపోయింది. "వినిపిస్తోందా? మళ్ళీ మొదలుపెట్టారు, బూట్లు."

బయట మంచు తప్ప ఏమీ లేదు. ఆకు రాలిన చప్పుడైనా లేదు.

ఆల్మీరా మెట్లు దిగింది. నిద్రలో దిగుతున్నట్టుంది. మెట్లు ఎంతకీ తరగడం లేదు.

"మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఓటు ఎప్పుడొచ్చిందయ్యా, నాకు చెప్పనే లేదు!" అన్నాడు చర్చి పెద్ద డీకన్ క్రోవెల్. ప్రెసిడెంటుని పంపెయ్యాలనే వాళ్ళకి ఆయనే పెద్ద.

"మా ఆవిడైతే రెండూ పెట్టెలోనే వేసి వచ్చేది," అన్నాడు ఆయన పక్కనున్నాయన. హాలంతా నవ్వింది.

"చెయ్యి ఆవిడది, ఓటు ఆయనది. నోళ్ళు ముయ్యండి," అని ప్రెసిడెంటు స్నేహితుడు జడ్జి పెల్హామ్ గదిమాడు. "నువ్వు రామ్మా. మేం అయిదుగురం మాట మీదే ఉన్నాం. మీ ఇంటికేం కాదు."

పెట్టెనీ సంచినీ కలిపి ఒకే గుడ్డ కప్పి ఉంచారు. మిగతా పదిమందీ అప్పటికే ఓటు వేసేశారు. ఆల్మీరా రెండు చేతులూ గుడ్డ కిందకి పోనిచ్చింది. ఎంతసేపటికీ బయటికి తీయదు.

"వేస్తున్నావా, పొదుగుతున్నావా అమ్మాయ్?" అన్నాడు డీకన్.

టప్. కాసేపటికి మళ్ళీ టప్.

పెట్టె తెరిచి లెక్కపెట్టారు. తెల్లవి అయిదు. నల్లవి ఆరు.

జడ్జి పెల్హామ్ ముఖం పాలిపోయింది. "మన అయిదుగురిలో ఎవడయ్యా ఆ ద్రోహి?"

"నేను కాదు." "నేనూ కాదు." ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళ స్నేహితులు ఒకరికొకరు చెప్పకుండానే టోపీలు తీసుకుని మంచులోకి వెళ్ళిపోయారు.

పైన డాక్టర్ బెల్నాప్ సంగతి విని దిండు మీద మోచెయ్యి ఆనించి లేచాడు.

"పెల్హామే అయ్యుంటాడు. నా చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు, దొంగ వెధవ!"

"పోనివ్వండి."

"ఇప్పుడెక్కడికి పోతాం ఆల్మీ?"

"సరస్సు పక్కన మా నాన్న ఆపిల్ తోట ఉందిగా."

"అక్కడ నేనేం చేస్తాను?"

"నిద్రపోతారు."

ఆయన నిజంగానే నిద్రపోయాడు. మూడు వారాల తర్వాత అదే మొదటి నిద్ర. పాప పాకుతూ వెళ్ళి ఆయన గుండె మీద తల ఆనించింది. ఆల్మీరా కూడా వంగి చెవి ఆనించింది. ఆ గుండె తొందర లేకుండా, తోటలో ఒక్కో పండూ రాలుతున్నట్టు కొట్టుకుంటోంది.

మీరెప్పుడైనా ఆ సరస్సు వైపు వెళితే, ఆపిల్ చెట్ల కింద పడక కుర్చీలో ఉంటాడాయన. ఒక్క నిమిషం ఆగి, ఒంట్లో ఎలా ఉందో కనుక్కుని వెళ్ళండి. జడ్జి పెల్హామ్‌ని తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. ఆ ఆరో నల్ల గోళీ వేసింది ఆల్మీరా అని మాత్రం చెప్పకండి.