గేటు దగ్గర మందుసీసా

“మందే కదమ్మాయ్, విషం కాదుగా! అందుకో,” అంటూ గేటుకున్న చిన్న కిటికీలోంచి సీసా లోపలికి పెట్టింది పెద్దావిడ.

తాళాలమ్మ చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది.

నిలువ నీడ లేని ఆడవాళ్లకీ, వాళ్ల పిల్లలకీ చర్చివాళ్లు నడుపుతున్న ఇల్లది. గేటు కాపలా తాళాలమ్మది. నడుముకి వేలాడే తాళాలగుత్తిని చూసి పిల్లలు పెట్టిన పేరది. ఆరేళ్ల కిందట తనూ పిల్లని చంకనేసుకుని ఇదే గేటు తట్టింది.

ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు. ఎవరొచ్చి ఎవరి గురించి అడిగినా ఉన్నారనీ చెప్పకూడదు, లేరనీ చెప్పకూడదు. వాళ్లకోసమంటూ ఇచ్చిన చిన్న చీటీ కూడా అందుకోకూడదు. అందుకుంటే ఉన్నారని చెప్పినట్టే. కిందటేడు ఒక తాత మనవరాలికని పుట్టినరోజు గౌను తెస్తే, “ఇస్తాలెండి” అని పుచ్చుకుంది తాళాలమ్మ. మర్నాడే నలుగురు మగాళ్లు గేటు ముందు దిగారు. ఆ తల్లీపిల్లల్ని వెనకదారిన వేరే ఊరు పంపెయ్యాల్సి వచ్చింది. హడావుడిలో పిల్ల చెప్పు ఒకటి మంచం కింద ఉండిపోయింది. దాన్ని తాళాలమ్మ ఇప్పటికీ తన పెట్టెలోనే దాచుకుంది. వాళ్లు ఏమయ్యారో తెలీదు.

“ఇక్కడ ఎవరుంటారో మేం చెప్పం పెద్దమ్మా,” అంది.

“నా కోడలమ్మా. సన్నగా ఉంటుంది. చిన్నపిల్లని వెంటేసుకుని నిన్న పొద్దున గడప దాటింది. పిల్లకి ఆయాసం. ఈ మందు పడకపోతే ఊపిరాడదు.”

తాళాలమ్మ పైకి చూడబోయి ఆగింది. నిన్న మధ్యాహ్నం వచ్చి పై గదిలో దిగిన అమ్మాయి సన్నగానే ఉంది. చిన్నపిల్లా ఉంది. సరిగ్గా అప్పుడే పైనుంచి దగ్గు వినిపించింది, ఖళ్లు ఖళ్లుమని.

“అదిగో!” పెద్దావిడ తలెత్తి చూసింది.

“పిల్లలున్న ఇంట్లో దగ్గు కాక మద్దెల మోగుతుందా?”

“భలేదానివే! పొద్దుట్నుంచి ఇలాంటి ఇళ్లే మూడు చోట్ల అడిగొచ్చాను. వాళ్లూ మనుషులు! నోరు తెరవగానే లోపలికెళ్లి కనుక్కొచ్చారు. ఒకావిడైతే పేర్ల పుస్తకమే నా చేతికిచ్చి చూసుకోమంది. నువ్వొక్కదానివే రాయిలా నిలబడ్డావు.”

“రాయినే అనుకోండి. రాయికి తిట్లు తగలవు.”

“ప్రభువుని నమ్ముకున్నవాళ్లు అబద్ధమాడకూడదుగా? ఆయన మీద ఒట్టేసి చెప్పు, ఉందా లేదా?”

“ఒట్లే పెట్టుకోవద్దన్నాడాయన. అయినా నేనేం అబద్ధమాడాను? చెప్పనన్నాను, అంతే.”

పెద్దావిడ మాటిమాటికీ వీధి మలుపు వైపు చూస్తోంది. అక్కడొక టాక్సీ, అద్దాలు పైకెత్తేసి, ఆగి ఉంది. తాళాలమ్మ కూడా అటు చూడడం గమనించి గొంతు తగ్గించింది.

“మా అబ్బాయే. వాడికి కోపం ముక్కు మీదుంటుంది. నేను కాబట్టి మంచిగా అడుగుతున్నాను. వాడు దిగాడంటే నీ గేటు ఆగదు.”

తాళాలమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె మనసు మాత్రం ఎప్పుడూ కీడు దగ్గరే చతికిలబడుతుంది, మేలు దాకా నడవదు. ఇంటి పెద్ద సిస్టరమ్మ బయటికెళ్లింది, వచ్చేసరికి గంట పడుతుంది. ఈలోగా వాడు గోడ దూకితే? వాడితో ఇంకో నలుగురుంటే? అన్నిటికీ మించి, ఈవిడ చెప్పేది నిజమై, మందు లేక ఆ పసిదానికి ఊపిరాగిపోతే? ఆయాసమొచ్చిన పిల్ల డొక్కలు ఎలా ఎగిరెగిరి పడతాయో ఆమెకి తెలుసు. తన కూతురికీ చిన్నప్పుడు వచ్చేది. ఆ పాపం ఎవరి మెడకి చుట్టుకుంటుంది?

సీసా కిటికీ చెక్క మీదే ఉంది. అరచెయ్యి చాపితే చాలు.

పెట్టెలోని చెప్పు గుర్తొచ్చింది. తాళాలగుత్తి ఎత్తి, దాంతోనే సీసాని మెల్లగా బయటికి నెట్టింది.

“ఇక్కడ ఎవరున్నా సరే, జబ్బు చేస్తే డాక్టరమ్మ వచ్చి చూస్తుంది. మందులు మేమే తెస్తాం. ఇది మీరు తీసుకెళ్లండి.”

“పిల్ల చచ్చిపోతేనో?”

ఆ మాటకి తాళాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

“నన్ను తిట్టుకోండి. శాపం పెట్టండి. కాళ్లు పట్టుకున్నా, మీ అబ్బాయి గేటు విరగ్గొట్టినా నాది ఇదే మాట. పోలీసుల నంబరు నొక్కే ఉంచాను, చూడండి,” అని ఫోను పైకెత్తి చూపించింది.

పెద్దావిడ ఆ ఫోనునీ, ఆ మొహాన్నీ చూసింది. సీసా తీసి కొంగులో ముడేసుకుంది. తర్వాత మలుపు వైపు తిరిగి, రమ్మని చెయ్యి ఊపింది.

టాక్సీ కదిలింది.

తాళాలమ్మ పై గడియ కూడా బిగించింది. “ప్రభువా, ప్రభువా” అన్న ఒక్క మాట తప్ప ప్రార్థనలో ఇంకేం రాలేదు. టాక్సీ వచ్చి సరిగ్గా గేటు ముందు ఆగింది.

పెద్దావిడ కిటికీ దగ్గరకి వంగింది.

“కోడలూ లేదు, కొడుకూ లేడు, నోరు జారని గేటు కోసమే పొద్దుట్నుంచి ఈ వెతుకులాట. తలుపు తియ్యి తల్లీ, టాక్సీలో ఉన్నది నా కూతురు.”