ముప్ఫై లోపు

"ఎనభై రెండంటే ఫస్ట్ క్లాసేగా మేడమ్," అన్నాడు నాగేశ్వరరావు, కూతురు నెత్తి మీద టోపీ ఇంకా తీయకముందే.

డాక్టర్ ఝాన్సీ నవ్వాపుకుంది. అవి మార్కులు కావనీ, పిల్ల లోపల కోపం ఎంత మరుగుతోందో చెప్పే అంకె అనీ, ఎంత తగ్గితే అంత మంచిదనీ వివరించింది. టోపీలో ఉన్న చిన్న చిన్న లైట్లు నుదుటి వెనకాల మెదడులో రక్తం ఎలా పారుతోందో పసిగడతాయి. దాన్ని బట్టి తెర మీద ఒక ఎర్ర బుడగ లేస్తుంది, దిగుతుంది. ఆ బుడగను చూస్తూ పిల్ల తన కోపాన్ని తనే దించుకోవడం నేర్చుకోవాలి. పది రోజుల్లో ముప్ఫై లోపు వస్తే నేర్చుకున్నట్టే.

నాగేశ్వరరావుకు ఇది మింగుడు పడలేదు. ముప్ఫై ఐదు వస్తే గాని పాస్ చెయ్యని దేశంలో ముప్ఫై లోపు తెచ్చుకోమనడం ఏం వైద్యమో ఆయనకు అర్థం కాలేదు.

ముప్పాళ్ళలో ఆయనకు పురుగుమందుల కొట్టుంది. మిరపకు కొట్టిన మందు పనిచెయ్యలేదని రైతు వస్తే కోపంతో అరుస్తాడు, పనిచేసిందని వస్తే సంతోషంతో అరుస్తాడు. ఇంట్లో ఉప్పు అడిగినా పక్కింటివాళ్ళు గొడవేమోనని తొంగి చూస్తారు. మనిషి మాత్రం చెడ్డవాడు కాడు. పల్నాడులో పుట్టాక ఆ మాత్రం పౌరుషం లేకపోతే ఎలాగన్నది ఆయన వాదన.

ఆ పౌరుషం కూతురికి వచ్చేసరికే చిక్కొచ్చి పడింది. పదో తరగతి చదువుతున్న సుప్రజ నెల కిందట క్లాసులో జామెట్రీ బాక్సు విసిరింది. అది ప్రాణ స్నేహితురాలు సాయి ప్రియ కనుబొమకు తగిలి మూడు కుట్లు పడ్డాయి. సాయి ప్రియ ఇప్పుడు వేరే బెంచీలో కూర్చుంటోంది. హెడ్మాస్టరు తిట్లకన్నా పక్కన ఖాళీ అయిన ఆ చోటే సుప్రజను ఎక్కువ ఏడిపించింది. ఈ కోపాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని ఆ పిల్ల నిజంగానే అనుకుంది.

నరసరావుపేటలో ఇలాంటి శిక్షణ ఉందని స్కూలువాళ్ళే చెప్పారు. నాగేశ్వరరావు దానికి తన వంతు షరతు ఒకటి కలిపాడు. పదో రోజుకి ముప్ఫై లోపు రాకపోతే గుంటూరు తీసుకెళ్ళి హాస్టల్లో పడేస్తానన్నాడు.

రోజూ ముందుగా ఎవరిదో గొడవ రికార్డింగ్ వినిపిస్తారు. బుడగ లేస్తుంది. ఇక దించుకోవాలి. సుప్రజ మొదటి రోజు దేవుణ్ణి తలుచుకుంది. రెండో రోజు పదిహేనో ఎక్కం అప్పజెప్పుకుంది. మూడో రోజు కోటప్పకొండ మెట్లన్నీ మనసులోనే ఎక్కేసి ఆయాసం తెచ్చుకుంది. అంకె డెబ్బై దగ్గరే మొండికేసింది.

"ఏది తలుచుకుంటే బుడగ దిగుతుందో అదే నీ మందు. వెతుక్కో," అంది ఝాన్సీ. "అదేంటో నాకు చెప్పక్కర్లేదు."

నాలుగో రోజు వరండాలో నాగేశ్వరరావు ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడాడు. తలుపు వేసి ఉన్నా బుడగ తెర అంచు దాకా పోయింది. ఇకనుంచి కింద టీ కొట్టు దగ్గర కూర్చోమని ఝాన్సీ ఆయన్ని బతిమాలుకుంది.

ఆ సాయంత్రం బండి మీద ఇంటికి వెళ్తూ ఆయన దారి పొడుగునా హాస్టల్ సంగతే ఎత్తాడు.

"హాస్టలంటే ఏందనుకుంటున్నావే? తెల్లారి ఐదింటికి బెల్లు కొడతారు. చదువుకునేటప్పుడు గట్టిగా దగ్గినా ఊరుకోరు."

"ఫోను కూడా ఇయ్యరా?"

"ఆదివారం పది నిమిషాలు. అంతే."

"మరి నువ్వు రోజూ రావా నాన్నా?"

"రోజూ ఎవడు రానిస్తాడు. నెలకొక్కసారి."

సుప్రజ మిగతా దారంతా పొలాల వైపు చూస్తూ కూర్చుంది. పిల్ల బిక్కచచ్చిపోయిందనుకుని ఆయనకు కాస్త జాలి కూడా వేసింది.

మర్నాడు అంకె యాభై ఐదుకు దిగింది. నాగేశ్వరరావుకు కిటుకు దొరికిపోయింది. అప్పటినుంచి రోజూ బండెక్కగానే హాస్టల్ గురించి కొత్తగా ఏదో ఒకటి చెప్పేవాడు. గేటుకు తాళమన్నాడు, టీవీ లేదన్నాడు, రాత్రి తొమ్మిది దాటితే చీమ చిటుక్కుమనడానికి లేదన్నాడు. అంకె నలభై ఎనిమిదయింది, నలభై ఒకటయింది, ముప్ఫై ఆరయింది.

"మీ టోపీ పైపైన మేడమ్. లోపల పనిచేసేదంతా నా హాస్టలే," అన్నాడు గర్వంగా. బెదిరింపు మందు కాదని ఝాన్సీ చెప్పబోయింది గానీ, దిగుతున్న అంకెను చూసి ఊరుకుంది.

పదో రోజు రికార్డింగ్‌లో ఇద్దరు మగవాళ్ళు గొంతులు చించుకున్నారు. బుడగ గబగబా డెబ్బై దాటింది. సుప్రజ కుర్చీలో వెనక్కి వాలింది. భుజాలు సడలాయి. బుడగ మెల్లగా దిగడం మొదలుపెట్టి, ముప్ఫై దాటి, ఇరవై ఆరు దగ్గర నిలబడిపోయింది.

కబురు అందగానే నాగేశ్వరరావు రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు. జీవితంలో తక్కువ మార్కులకు ఆయన అంత మురిసిపోవడం అదే మొదలు. "ఇంక హాస్టల్ ఊసే లేదు. నా బిడ్డ నా కళ్ళ ముందే ఉంటది," అన్నాడు.

"నిజంగానే లేదా నాన్నా?"

"ఒట్టు."

సుప్రజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి ఆయన కళ్ళూ తడిశాయి. ఇంటికి చెప్పాలని ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు. ఆ శుభవార్త ఫోను లేకుండానే ముప్పాళ్ళ దాకా వినిపించేలా ఉంది.

ఝాన్సీ టోపీ విప్పుతూ, చెప్పక్కర్లేదన్న మాట తనదే అయినా ఉండబట్టలేక అడిగింది.

"ఇంతకీ ఏం తలుచుకునేదానివమ్మా?"

సుప్రజ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"హాస్టల్లో చేరిపోయినట్టు, మేడమ్."