రెండు క్యాన్ల సముద్రం

రాజుగారు ఉప్పు కొలిచే మీటరు మీద ఒక చుక్క వేసి, కిటికీ వైపు తిరిగి ఒంటి కన్నుతో చూశారు. నీళ్లు తెచ్చిన వీరవేణి ఊపిరి బిగబట్టింది.

“ముప్పై నాలుగు,” అన్నారాయన. “నడి సముద్రం నీళ్లంటే ఇవీ. చూశావా జానకీ?”

భార్య జానకీదేవి చూడలేదు. ఆవిడ కళ్లు ఎప్పుడూ ఆ గాజు చేపల తొట్టె మీదే. వీరవేణి చెంగుతో మొహం తుడుచుకుంది. ఈ వారానికి గండం గడిచింది.

భీమవరంలో ఆ తొట్టెను చూడని చుట్టం లేడు. హాల్లో గోడ పొడవునా ఉంటుంది. దుర్గాప్రసాదరాజుగారికి మొగల్తూరు అవతల, వీరవేణి వాళ్ల పేటను ఆనుకుని నలభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. ఎకరానికి లక్ష పిల్ల వేసి చేతులు దులుపుకునే మనిషి, ఈ తొట్టె దగ్గరికొచ్చేసరికి పురిటి గది బయట తిరిగే మొగుడిలా అయిపోయారు. ముందు ఇసక పోయించారు. తర్వాత రాళ్లు పేర్పించారు. తర్వాత నెల రోజులు ఒక్క చేపైనా లేకుండా ఉత్త నీళ్లు తిప్పారు. రాళ్లకి జీవం పట్టాలట. ఆ పైన పగడాలొచ్చాయి, ఉగాదికి చేపలొచ్చాయి. నారింజ రంగువి, తెల్ల చారలవి. రెండంటే రెండే.

నీళ్లలో ప్యాకెట్ ఉప్పు కలుపుకుంటే చాలని తొట్టె అమర్చినతను చెప్పాడు. రాజుగారు వినలేదు. “సముద్రాన్ని పక్కన పెట్టుకుని ప్యాకెట్లు కొంటామా? పరువు తక్కువ,” అన్నారు. అలా ఆ పని వీరవేణి ఇంటికి వచ్చింది. ఆమె మొగుడు పల్లంరాజు బోటు మీద వేటకి వెళ్తాడు. ఒడ్డు దగ్గర బురద నీళ్లు కాకుండా, లోపలెక్కడో నీలం నీళ్లు ముంచి తేవాలి. తొట్టె నింపిన నీళ్లు, ఆ తర్వాత వారం వారం రెండేసి క్యాన్ల చొప్పున మార్చిన నీళ్లు, అన్నీ నిజంగా నడి సముద్రానివే.

ఏప్రిల్లో వేట నిషేధం వచ్చింది. బోట్లు ఒడ్డెక్కాయి.

“మరి నీళ్లెలాగమ్మా?” అని రాజుగారు ఫోన్లో అడిగితే వీరవేణి నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

“తెప్ప మీదెళ్లి తెస్తాడండి. ఆయ్.”

తెప్పెక్కడిది? పల్లంరాజు అప్పటికే కూలి పనికి రాజమండ్రి వెళ్లిపోయాడు. వేట లేని రోజుల్లో ఇంటికి ఆసరా ఈ రెండు క్యాన్లకి వచ్చే డబ్బులే. అవి కూడా ఆగిపోతే ఎలా అన్న భయంతో ఆడిన అబద్ధం అది. ఆరు వారాలుగా ఆమె తెస్తున్న నీళ్లు సముద్రానివి కావు.

మీటరు ఆ సంగతి పట్టుకోలేదు. చేపలూ పట్టుకోలేదు. వీరవేణికి మాత్రం మనశ్శాంతి లేకుండా పోయింది. ఆటోలో క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని, ఈ రోజు ఆ రెండు చేపలూ వెల్లకిలా తేలి ఉంటాయేమోనని దారంతా వణికేది. గంగమ్మ పేరు చెప్పుకుని బతికే దానివి, ఇదేం పాడు బుద్ధే అని తనను తానే తిట్టుకునేది.

అది చాలదన్నట్టు జానకీదేవి మంచితనం ఒకటి. కాఫీ ఇవ్వందే పంపదు. క్యాన్లు ఖాళీ అయ్యాక వీరవేణి వాటిని మూడుసార్లు కడిగి, వాళ్ల కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటుంది.

“అంత బరువు మళ్లీ మోసుకెళ్తావేంటి? మా నీళ్లు అంత రుచా?” అని నవ్వుతుంది జానకీదేవి.

“రుచేనండి,” అంటుంది వీరవేణి, ఆవిడ మొహంలోకి చూడలేక.

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం ఆమె వెళ్లేసరికి ఇల్లంతా సందడిగా ఉంది. చేపలు గుడ్లు పెట్టాయి. రాతికి అతుక్కుని, సగ్గుబియ్యం కన్నా చిన్నవిగా ఉన్నాయి. మగ చేప రెక్కలతో వాటికి విసురుతోంది. రాజుగారు ఫోన్లో ఎవరికో చెబుతున్నారు. “నీళ్లు నచ్చకపోతే ఇవి జన్మలో గుడ్లు పెట్టవండి. మనకి తిన్నగా సముద్రంలోంచే వస్తున్నాయి కదా.”

జానకీదేవి పళ్లెంలో చీర, జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ పెట్టుకుని వచ్చింది.

“ఇదంతా నీ చలవే వీరవేణీ. ఇలా రా, బొట్టు పెడతాను.”

వీరవేణి రెండడుగులు వెనక్కి వేసింది. ఆరు వారాలుగా దాచిన మాట ఇక ఆగలేదు.

“వద్దమ్మగారూ. ఆ చీర కడితే నాకు పాపం తగులుద్దండి. నేను తెచ్చేవి సముద్రం నీళ్లు కాదండి. తెప్పా లేదు, ఏమీ లేదు. అబద్ధం చెప్పానండి.”

రాజుగారు ఫోను పెట్టేశారు. మొహం కందిపోయింది. ఆ రోజు తెచ్చిన క్యాను మూత తీసి, మీటరు మీద చుక్క వేసి చూశారు. ముప్పై నాలుగే. క్యాను మార్చి మళ్లీ చూశారు. అదీ అంతే.

“పాతికేళ్లుగా ఉప్పునీళ్లలోనే బతుకుతున్నాను. నన్నే బుట్టలో వేశావు,” అన్నారు. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. “ఇంత కరెక్టుగా ఏ ఉప్పు కలిపావు?”

“ఉప్పు కలపలేదండి.” వీరవేణికి ఏడుపు ఆగడం లేదు.

“మరి?”

“తప్పయిపోయిందండి, అవి మా పెరట్లో బోరింగు నీళ్లేనండి, మీరు మా పేట పక్కన చెరువులు తవ్వేదాకా మేం తాగిన నీళ్లు.”