గుమ్మం దగ్గర కాఫీ

"కాఫీ చల్లారిపోయింది," అన్నాడు శశాంక్.

"గుమ్మంలో పెట్టి వెళ్ళమంటే చల్లారక ఏమవుతుంది?" అంది నిరుపమ.

ఆ రోజుల్లో ఆఫీసువాళ్ళిచ్చే ప్రతి కంప్యూటర్‌లోనూ పుట్టుకతోనే ఒక కాపలా ఉండేది. చూడకూడనివాళ్ళు దగ్గరికొస్తే తెర నల్లబడేది, పని ఆగిపోయేది. ఇంట్లోంచే పనిచేసే భర్త గదిలో నిరుపమ అడుగుపెడితే చాలు, నల్లబడేది. దానికామె సర్దుకునేదే. కానీ అత్తగారు కొడుకు పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నా తెర నిశ్చింతగా వెలుగుతూ ఉండేది. అది చూసినప్పుడల్లా నిరుపమకి కడుపు మండిపోయేది. పన్నెండేళ్ళు కాపురం చేసిన తను పరాయిదీ, ఆవిడ సొంతమూనా?

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పులుసు వడ్డిస్తూ అడిగేసింది. "అత్తయ్యగారి పేరు దానికి చెప్పి, నా పేరు చెప్పలేదా?"

"ఎవరి పేరూ చెప్పలేదు," అన్నాడతను కంచంలోకి చూస్తూ. "తెర మీద ఉన్నది ఎవరికి అర్థమవుతుందో అదే కనిపెడుతుంది. పెళ్ళికి ముందు నువ్వు చేసింది ఈ పనేగా."

"అంటే నేను గోడతో సమానమన్నమాట," అంది అత్తగారు. "ఇంకాస్త పులుసు వెయ్యమ్మా."

నిరుపమ వేసింది. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ తలవని సంగతిని ఆ యంత్రం ఒక్క చూపులో కనిపెట్టింది.

"రేపే ఉద్యోగానికి రాస్తున్నాను," అంది భర్తతో, గరిటె గిన్నెలో పెట్టి. "వచ్చాక నా కంప్యూటర్ ముందుగదిలో పెట్టుకుంటాను. నా కాఫీ మీరు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళండి."